హైదరాబాదు క్లోరోఫారము విచారణ సంఘములు: జీవవైద్య పరిశోధనమున ఇంజనీరు ధర్మము

బల్లార్‌పూరు వార్ధానది యొడ్డున నున్న పట్టణము. గోండురాజుల కోట, బొగ్గుగనులు, 1945లో స్థాపితమైన కాగితపు మిల్లు ఈ యూరికి గుర్తులు. నది కావలియొడ్డున నున్న రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాజ్యమునందలి ఆదిలాబాదు జిల్లాలో నుండెను. కాజీపేట నుండి బల్లార్షా వరకు నిజాము రైలుమార్గము 1929 నాటికి పూర్తియైన పిమ్మట, ఉత్తర దక్షిణ భారతములను కలుపు ప్రధానమార్గమున ఈ యూరొక కూడలి యయ్యెను. గనులలోను, మిల్లులోను, రైల్వేలోను పనికై వచ్చిన తెలుగు కుటుంబములు పెక్కు ఇచట స్థిరపడినవి. కావున ఇచటి తెలుగువారికి హైదరాబాదు చరిత్ర పరాయి చరిత్ర కాదు. ఏటి కావలి చరిత్ర మాత్రమే.

ఈ యూర బాయిలరు సంగతి తెలియని యిల్లు అరుదు. ఆవిరి యొత్తిడి మితిమీరినప్పుడు తనంతట తాను తెరచుకొనుటకై బాయిలరునకు సేఫ్టీవాల్వు అమర్చబడి యుండును. దానిని నడుపువాడు ఎంత నేర్పరియైనను, ఎన్ని యేండ్ల యనుభవము గలవాడైనను, వాల్వు లేని బాయిలరును నడుప నెవ్వరును అనుమతింపరు. మన దేశమున 1923లో వచ్చిన బాయిలర్ల చట్టము తనిఖీని, ధ్రువపత్రమును నిర్బంధము చేసెను. అందలి సూత్రము సులభమైనది. మనుష్యుని నేర్పు ఒకనాడు తప్పవచ్చును. అందుచేత హద్దును యంత్రమునందే యుంచవలెను.

ఇదే సూత్రము శస్త్రచికిత్స బల్లమీద పరుండిన రోగి విషయమున వర్తించునా? ఈ ప్రశ్నకు సంబంధించిన గొప్ప పరిశోధన యొకటి 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదు నగరమున జరిగినది. దానిని వైద్యచరిత్రకారులు మత్తుమందు చరిత్రలో నొక ఘట్టముగా వర్ణింతురు. ఉపకరణమును కల్పించువాడు, దానిని పరీక్షించువాడు, కొలతను లోకమునకు నివేదించువాడు, ఈ మువ్వురును ఆ యుపకరణమునకు లోబడు ప్రాణి యెడల వహింపవలసిన బాధ్యతనే ఇంజనీరింగు నీతి యందుము. ఆ దృష్టితో ఈ ఘట్టమును పరిశీలించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

డేవీ దీపము, డేవీ వాయువు

బొగ్గుగనులలో పనిచేయువారికి హంఫ్రీ డేవీ పేరు పరిచితము. గనిలో చేరు మండు వాయువునకు దీపపు జ్వాల తగిలి ప్రేలుడు కలుగకుండ, జ్వాలచుట్టును సన్నని లోహపు వలను అమర్చిన దీపమును ఆయన 1815లో కనిపెట్టెను. దానికి పేటెంటు తీసికొనక లోకమునకు విడిచెను. ఇదే డేవీ తన యౌవనమున నైట్రస్ ఆక్సైడు వాయువును తానే పీల్చి పరీక్షించి, అది శస్త్రచికిత్సలో నొప్పిని పోగొట్టుటకు ఉపయోగపడవచ్చునని 1800లో ప్రచురించిన గ్రంథమున సూచించెను. ఆ సూచన నాలుగు దశాబ్దములకు పైగా నిష్ప్రయోజనముగా పడియుండెను.

డేవీ దీపము గనిపనివారి ప్రాణములను రక్షించినమాట నిజము. ఐనను ఆ దీపమున్నదను ధైర్యముతో, అంతకుముందు ప్రమాదకరమని విడిచిపెట్టిన పొరలలోనికి సయితము యజమానులు పనివారిని దింపిరి, ప్రేలుళ్లు ఆగలేదు. రక్షణ యుపకరణము ఎచటివరకు రక్షించునో, ఎచట రక్షింపదో స్పష్టముగా చెప్పనిచో అదియే అపాయమునకు దారితీయునని ఈ యనుభవము బోధించును. క్లోరోఫారము కథలో ఈ నీతి మరల మనకు ఎదురగును.

క్లోరోఫారముపై వివాదము

1846లో అమెరికాయందలి బోస్టను నగరమున ఈథరుతో నొప్పిలేని శస్త్రచికిత్స బహిరంగముగా ప్రదర్శింపబడెను. మరుసటి యేట నవంబరులో ఎడింబరో వైద్యుడు జేమ్స్ సింప్సన్ క్లోరోఫారమును ప్రవేశపెట్టెను. అది ఈథరువలె మంటకు అంటుకొనదు, వాసన యింపు, కొలది చుక్కలతో పని జరుగును. వైద్యలోకము దానిని ఆదరముతో స్వీకరించెను. కాని 1848 జనవరి 28వ తేదీన ఇంగ్లండులో హానా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయుటకై క్లోరోఫారము పీల్చి, కొలది నిమిషములలోనే మరణించెను. చిన్న శస్త్రచికిత్స, ఆరోగ్యవతియైన బాలిక, కొద్దిపాటి మందు. ఈ మరణమునకు కారణమేమి?

వైద్యులు రెండు పక్షములుగా చీలిరి. క్లోరోఫారము గుండెను నేరుగా దెబ్బతీయునని ఒక పక్షము వాదించెను. అది ముందుగా శ్వాసను ఆపునని, శ్వాసను కనిపెట్టియున్నచో భయము లేదని రెండవ పక్షము వాదించెను. రెండవ పక్షమునకు ఎడింబరో శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ పెద్ద. ఆయన పద్ధతిలో ఉపకరణమేదియు లేదు. మడచిన గుడ్డమీద మందు పోసి ముక్కు నొద్ద పట్టుకొనుట, నాడిని చూడక ఊపిరిని గమనించుట, ఇంతే.

దీనికి భిన్నమైన మార్గమును లండను వైద్యుడు జాన్ స్నో అనుసరించెను. కలరా నీటివలన వ్యాపించునని నిరూపించిన స్నో ఇతడే. పీల్చు గాలిలో క్లోరోఫారము నూటికి ఎన్ని పాళ్లున్నదో తెలియకుండ ఇచ్చుట అపాయమని గ్రహించి, దానిని మితపరచుటకు ఒక పీల్పు యంత్రమును ఆయన కల్పించెను. 1862లో జోసెఫ్ క్లోవర్ మరింత ముందునకు పోయి, గాలియు క్లోరోఫారమును లెక్క ప్రకారము ముందుగనే కలిపి పెద్దసంచిలో నింపి, ఆ సంచి నుండి రోగికి అందించు సాధనమును నిర్మించెను. సైమ్ పద్ధతిలో రక్షణ వైద్యుని చేతిలో నున్నది. స్నో, క్లోవరుల పద్ధతిలో రక్షణలో నొక భాగము ఉపకరణములో నున్నది. వివాదమునకు మూలమైన భేద మిదియే.

హైదరాబాదు విచారణలు

సైమ్ శిష్యుడైన ఎడ్వర్డు లారీ 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా వచ్చి, అచటి వైద్యపాఠశాలకు అధ్యక్షుడయ్యెను. గురువు పద్ధతియందు ఆయనకు అచంచలమైన విశ్వాసము. అఫ్జల్‌గంజు ఆసుపత్రిలో వేలకొలది రోగులకు క్లోరోఫారము ఇప్పించుచు, శ్వాసను కనిపెట్టియున్నంతకాలము ప్రమాదము లేదని ప్రకటించుచుండెను. అయితే 1880లో గ్లాస్గో వైద్యులు జరిపిన ప్రయోగములు గుండెయే దెబ్బతినునని చూపియుండెను. దానిని ఖండించుటకై లారీ 1888లో నిజాము ప్రభుత్వ సహాయముతో మొదటి విచారణ సంఘమును ఏర్పరచెను. కుక్కలకు మరణించువరకు క్లోరోఫారమిచ్చి పరీక్షించిరి. గుండెకంటె శ్వాసయే ముందుగా ఆగినదని తేల్చిరి.

లండనునందలి లాన్సెట్ పత్రిక ఈ నిర్ణయమును సందేహించెను. అప్పుడు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఉదారముగా వేయి పౌనుల నొసగి, ఆ పత్రికయే తనకు నచ్చిన ప్రతినిధిని పంపి పరిశోధనను మరల జరిపింపవచ్చునని కోరెను. లాన్సెట్ పంపిన విద్వాంసుడు థామస్ లాడర్ బ్రంటన్. ఆయన అప్పటివరకు గుండెకే ప్రమాదమని నమ్మినవాడు. సందేహించు పత్రికను, ఎదుటి పక్షపు పండితుని పిలిపించి, వారియెదుట పరీక్ష జరిపించుట ఆ కాలమున సామాన్యమైన విషయము కాదు. ఈ విషయమున నిజామును, లారీని ప్రశంసింపక తప్పదు.

1889 చివరి నెలలలో రెండవ సంఘము పనిచేసెను. కుక్కలు, కోతులు, గుఱ్ఱములు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిసి 490 జంతువులపై ప్రయోగములు జరిగినవి. 120 ప్రయోగములలో రక్తపు ఒత్తిడిని పాదరసపు మేనోమీటరుతో కొలిచిరి. ఆ మేనోమీటరునకు తగిలించిన ముల్లు, మసిపూసిన కాగితము చుట్టి తిరుగు స్తూపముపై గీతలు గీయును. కార్ల్ లుడ్విగ్ 1847లో రూపొందించిన ఈ యంత్రమునకు కైమోగ్రాఫు అని పేరు. అన్ని గీతలను ఫొటోలు తీయించి భద్రపరచిరి. హైదరాబాదు వైద్యపాఠశాలలో చదివి క్లోరోఫారమిచ్చుటలో నిపుణురాలై, ప్రపంచమున తొలి మత్తువైద్యురాలని పలువురిచే పేర్కొనబడు రూపాబాయి ఫర్దూన్‌జీ కూడ ఈ కాలపు వ్యక్తియే.

ఫలితముగా బ్రంటన్ తన పూర్వాభిప్రాయమును మార్చుకొనెను. క్లోరోఫారము వలన ప్రమాదము ఊపిరాడకపోవుట చేతను, మోతాదు మించుట చేతను మాత్రమే కలుగునని, గుండెకు నేరుగా హాని లేదని ఆయన లండనునకు తంతి పంపెను. 1890లో లాన్సెట్ ఈ నివేదికను ప్రచురించెను. హైదరాబాదు పేరు ఐరోపా వైద్యశాలలన్నిటను మారుమ్రోగెను. గుడ్డయు, గమనికయు గల చేయి యున్నచాలు, కొలత యంత్రము అక్కరలేదనువారికి ఈ నివేదిక పెద్ద ఆధారమయ్యెను.

నిర్ణయ మెందుకు తప్పినది?

రోగులు మాత్రము మరణించుచునే యుండిరి. 1893లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు గాస్కెల్, షోర్ అనువారు లారీ సిద్ధాంతమునకు విరుద్ధమైన ఫలితములను ప్రకటించిరి. తుదకు 1911లో గుడ్‌మన్ లీవీ పిల్లులపై జరిపిన ప్రయోగములతో అసలు రహస్యము బయటపడెను. క్లోరోఫారము తేలికగా మాత్రమే ఎక్కియున్నప్పుడు, భయము చేతనో ఉద్రేకము చేతనో శరీరమున అడ్రినలిను పెరిగినచో, గుండె కింది గదుల కండరము క్రమము తప్పి వణకి హఠాత్తుగా ఆగిపోవచ్చును. మోతాదు మించుట దీనికి అవసరము లేదు. హానా గ్రీనర్ వంటి వారు చిన్న శస్త్రచికిత్స ఆరంభముననే, మత్తు పూర్తిగా ఎక్కకమునుపే మరణించుటకు ఇది సరిపోవు కారణము.

హైదరాబాదు సంఘమువారు అబద్ధము చెప్పలేదు. వారు చూచినది నిజమే. ఎక్కువ మోతాదు ఇచ్చుచు పోయినచో శ్వాసయే ముందాగును. తప్పు వారు పరీక్షించిన పరిస్థితిలో నున్నది. వారి కుక్కలు అతిమోతాదుతో మరణించినవి. ఆసుపత్రులలో రోగులు స్వల్పమోతాదుతో మరణించుచుండిరి. వంతెన యొకటి గాలివానకు కూలుచుండగా, దానిపై బరువులు పేర్చి పరీక్షించి అది గట్టిదే యని ధ్రువపత్ర మిచ్చినట్లే ఇది. పరీక్షల సంఖ్య ఎంత పెద్దదైనను, ప్రమాదము జరుగు పరిస్థితిని పోలనిచో అవి భరోసా నీయజాలవు.

రెండవ లోపము కొలత సాధనమునందున్నది. పాదరసము బరువైనది, కావున ఒత్తిడిలో సగటున జరుగు మార్పులను అది చక్కగా చూపును గాని, గుండెలో క్షణములలో జరుగు వికారములను వెంటనంటి చూపజాలదు. గుండె లయను విద్యుత్తు ద్వారా గీయు యంత్రమును ఐంతోవెన్ ఇరువదవ శతాబ్దపు తొలియేండ్లలో గాని నిర్మింపలేదు. కాబట్టి 1889లో అది లేకుండుట దోషము కాదు. కాని తమ సాధనము ఏది చూపజాలదో చెప్పక, అది చూపనిదెల్ల లేదని నిర్ణయించుట దోషము.

మూడవది మానసికమైనది. ఏ సిద్ధాంతము పరీక్షకు వచ్చెనో దానిని నమ్మినవాడే పరీక్షకు అధ్యక్షుడు. గురుభక్తి, స్వానుభవము, సంస్థాన గౌరవము అన్నియు ఒకే జవాబును కోరుచుండినవి. విరుద్ధమైన ఫలితములు వచ్చిన పిమ్మట కూడ లారీ తన మాటను మార్చుకొనలేదు. ఇంజనీరింగున నిర్మించువాడొకడు, తనిఖీ చేయువాడు వేరొకడు కావలెనను నియమము ఇట్టి అనుభవముల నుండియే పుట్టినది.

ఐనను ఒక గుణమును మరువరాదు. ప్రతి ప్రయోగపు గీతను దాచి, ఫొటో తీసి, నివేదికను లోకమున కందరికి నందునట్లు ప్రచురించిరి. ఆ కారణముననే తరువాతి వారు దానిని విమర్శింప గలిగిరి. తప్పును బయటపెట్టుటకు వలసిన సామగ్రిని తామే సమకూర్చిపెట్టుట కూడ పరిశోధకుని ధర్మములో నొక భాగము.

ఈలోగా 1903లో ఆక్స్‌ఫర్డు రసాయనశాస్త్రవేత్త వెర్నన్ హార్కోర్ట్, గాలిలో క్లోరోఫారము నూటికి రెండు పాళ్లకు మించకుండ ఆపు పీల్పు యంత్రమును నిర్మించెను. బాయిలరునకు సేఫ్టీవాల్వు వంటిదే ఇది. ఇది అతిమోతాదును అరికట్టెను గాని, లీవీ చూపిన ఆకస్మిక మరణమును అరికట్టజాలదు. ప్రతి రక్షణకు దాని పరిధి దానికి కలదు. క్లోరోఫారమునకంటె మేలైన మత్తుమందులు వచ్చిన తరువాతనే ఆ ప్రమాదము తొలగెను.

పరీక్షకు గురియగు ప్రాణి

జంతువులపై ప్రయోగములను నియమించు చట్టము ఇంగ్లండులో 1876 నుండియు కలదు. అది హైదరాబాదు సంస్థానమునకు వర్తింపదు. ఇంగ్లండులో అనుమతి పత్రములు లేనిదే జరుపరాని ప్రయోగములను ఇచట స్వేచ్ఛగా జరుపుటకు అవకాశము కలిగెను. నియమము లేనిచోట ప్రయోగము జరుపుట నియమమును తప్పించుకొనుటయేనా యను ప్రశ్న నేటికిని పాతబడలేదు. మన దేశమున జంతుహింసా నివారణ చట్టము 1960లో వచ్చెను.

మనుష్యుల విషయమును హైదరాబాదు చరిత్రయే జ్ఞప్తికి తెచ్చును. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదు బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ దోమలు కుట్టినది హుసేన్‌ఖాను అను రోగిని. దోమ యొక్కింటికి ఒక అణా చొప్పున అతనికి ముట్టెను. అతని కప్పటికే జ్వరము కలదు గనుక దోమకాటు వలన క్రొత్త హాని కలుగలేదు. కాని అతనికి తెలియజెప్పి సమ్మతి గైకొనవలెనను నియమము ఆనాడు లేదు. 1947లో న్యూరెంబర్గు న్యాయస్థానము నాజీ వైద్యుల ఘోరములను విచారించి, స్వచ్ఛందమైన సమ్మతి లేనిదే మనుష్యునిపై ప్రయోగము జరుపరాదని నిర్ణయించెను. 1964లో హెల్సింకి ప్రకటన వెలువడెను. భారత వైద్య పరిశోధన మండలి 1980లో తన మొదటి నీతి ప్రకటనను, 2000లోను 2017లోను విస్తృతమైన మార్గదర్శక సూత్రములను ప్రచురించెను.

నేటి యుపకరణములు

క్లోరోఫారము పాఠమును లోకము పూర్తిగా నేర్వలేదని చెప్పుటకు ఒక నిదర్శనము చాలును. 1985 నుండి 1987 వరకు అమెరికా, కెనడా దేశములలో థెరాక్–25 అను వికిరణ చికిత్సా యంత్రము ఆరుగురు రోగులకు మితిమీరిన కిరణములను ఇచ్చెను. వారిలో కొందరు మరణించిరి. దాని పూర్వపు నమూనాలో కిరణములు హద్దు మీరకుండ లోహపు అడ్డుకట్లు, విద్యుత్ బంధనములు ఉండెను. క్రొత్త యంత్రమున వానిని తొలగించి, కంప్యూటరు ప్రోగ్రామునే నమ్ముకొనిరి. ప్రోగ్రాములో తప్పులుండెను. రోగులు మంట పుట్టినదని చెప్పినను, యంత్రము అట్లు చేయజాలదని మొదట వారికి సమాధాన మిచ్చిరి. యంత్రము చెప్పుమాటకంటె శరీరము చెప్పుమాట ముందు వినవలెనను బుద్ధి అచట లోపించెను.

దీనికి ప్రతిగా హైదరాబాదునుండియే మంచి యుదాహరణ మొకటి చూపవచ్చును. 1989 మే 22వ తేదీన అగ్ని క్షిపణి ప్రయోగింపబడెను. దానికై కంచన్‌బాగు రక్షణ ప్రయోగశాలలో రూపొందిన తేలికైన మిశ్రమ పదార్థమును, నిజాము వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన ఎముకల వైద్యు డొకడు చూచి, ఎత్తి, ఆశ్చర్యపడెనని ఏ.పి.జె. అబ్దుల్ కలాము అనేక సభలలో చెప్పియున్నారు. ఆ వైద్యుడు కలామును తన ఆసుపత్రికి కొనిపోయి, మూడు కిలోలకు పైబడిన లోహపు కాలిపట్టెలను ఈడ్చుకొనుచు నడచు బాలబాలికలను చూపెను. మూడు వారములలో 300 గ్రాముల కాలిపట్టె సిద్ధమయ్యెను. ఇచట పరిశోధన ప్రయోగశాలలోని సిద్ధాంతముతో ఆరంభము కాలేదు. బరువు మోయు పిల్లవాని కాలితో ఆరంభమయ్యెను. హైదరాబాదు క్లోరోఫారము సంఘములు అడుగవలసి యుండియు అడుగని ప్రశ్న ఇదియే: అసలు బాధ ఎచట, ఏ స్థితిలో కలుగుచున్నది?

మన దేశమున వైద్యోపకరణముల నియమములు 2017లో వెలువడి, 2018 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినవి. ఉపకరణములను ప్రమాదపు స్థాయిని బట్టి నాలుగు తరగతులుగా విభజించిరి. ఉపకరణముల వలన కలిగిన హానిని నమోదు చేయు జాతీయ కార్యక్రమము 2015లోనే ఆరంభమైనది. విశాఖపట్టణమున వైద్యోపకరణముల తయారీకై ప్రత్యేకమైన మెడ్‌టెక్ జోను ఏర్పడినది. నియమములు కలవు, తయారీయు సాగుచున్నది. ఇక కావలసినది వీనిని నడుపు మనుష్యుల మనోధర్మము.

ఉపసంహారము

బల్లార్‌పూరు తెలుగు కుటుంబముల పిల్లలు నేడు నాగపూరునను, హైదరాబాదునను ఇంజనీరింగు చదువుచున్నారు. వారిలో కొందరు వైద్యోపకరణములను నిర్మింతురు. కొందరు వానిని పరీక్షింతురు. అట్టివారు హైదరాబాదు విచారణల చరిత్రను చదివి మూడు విషయములను మనస్సున నుంచుకొనిన మేలు. పరీక్ష అసలు ప్రమాదమును పోలియున్నదా? సాధనము చూపజాలనిది ఏమో నివేదికలో వ్రాసితిమా? పరీక్షింపబడు ప్రాణి తరపున మాటాడువాడు, పరీక్షించువాని కంటె వేరైనవాడు, ఒకడున్నాడా?

వీరి తాతలు గనిలోనికి దిగునప్పుడు దీపమును తామే పరీక్షించుకొనిరి. బాయిలరు ముందు నిలిచినప్పుడు ఒత్తిడి ముల్లును తామే చూచుకొనిరి. ఆపద వచ్చినచో అది ముందుగా తమకే తగులునను ఎరుక వారికి జాగ్రత్తను నేర్పెను. వైద్యోపకరణమును నిర్మించువానికి ఆ భయము లేదు; ఆపద మత్తులో నున్న రోగికి తగులును, అతడు కేకవేయజాలడు. కావున తన శరీరమున కేర్పరచుకొను జాగ్రత్తను ఆ రోగి శరీరమునకు కూడ ఏర్పరచుట ఇంజనీరునకు విధి.